నాపరాయిని అడ్డంగా కోస్తే

డోన్ జంక్షన్ నుంచి నంద్యాల వైపు వెళ్తుంటే బేతంచర్ల చుట్టుపక్కల బండల పాలిషింగ్ ఫ్యాక్టరీలు కనిపిస్తాయి, వాటి పక్కనే వ్యర్థపు గుట్టలూ కనిపిస్తాయి. అంచు విరిగిన పలకలు, మూల తెగిన చదరాలు, అరచేయంత ముక్కలు, ఎండి గట్టిపడిన తెల్లటి బురద. తాడిపత్రి పరిసరాల్లోనూ ఇదే దృశ్యం. ఇక్కడి నుంచి వెళ్లిన బండలు తెలుగు ఊళ్లలో అరుగులయ్యాయి, వసారాలయ్యాయి, పశువుల కొట్టాల్లో నేలలయ్యాయి. ముంబైలో వంటింటి గట్టు మీద పరిచే నల్ల బండను నేటికీ ‘కడప్పా’ అనే పిలుస్తారు. రాయి పేరుతో ఊరి పేరు అంతదూరం పోయింది. అయినా ఈ రాయిని మనం ఎంతవరకు చూశామని అడిగితే జవాబు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. చదరపు అడుగు ఇంత అని కొంటాం, సమంగా ఉందా లేదా చూస్తాం, పరుస్తాం, నడుస్తాం. మనం చూసేది ఎప్పుడూ ఒకే ముఖం. ఆ రాయి పుట్టుక రాసి ఉన్న ముఖం వేరే ఉంది. దాన్ని చూడాలంటే రాయిని పొర వెంట చీల్చకుండా పొరకు అడ్డంగా కోయాలి. ఆ పని వ్యాపారం చేయదు, చేయాల్సిన అవసరం దానికి లేదు. ఇంటి దగ్గర చిన్న రంపపు చక్రం పెట్టుకుని సరదాగా రాళ్లు కోసి నునుపు పట్టేవాళ్లు మాత్రమే చేయగలరు. లాపిడరీ అనే పేరుతో ప్రపంచంలో చాలాచోట్ల సాగుతున్న ఈ ఇంటి వ్యాపకానికి రాయలసీమ కంటే తగిన నేల తెలుగునాట మరొకటి లేదని, ఇక్కడ అది ఉట్టి కాలక్షేపంగా ఆగిపోదని నా వాదన.

వ్యాపారం ఒకే ముఖం ఎందుకు చూపిస్తుందో ముందు అర్థం కావాలి. నాపరాయి సముద్రం అడుగున సన్నటి సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుని గట్టిపడిన రాయి. ఒక పొరకూ దాని పైపొరకూ మధ్య కాస్త బంకమన్ను చేరి ఉంటుంది, అక్కడ పట్టు తక్కువ. క్వారీలో కూలీలు ఉలితో, గడ్డపారతో ఆ బలహీనమైన చోటే వెతికి బండను లేపుతారు. మిషన్లు వచ్చాక అంచులు కోయడం, పైభాగం నునుపు చేయడం సులువయిందిగానీ లేపే దిశ మారలేదు. అంచేత మన ఇంటి నేల మీద కనిపించేది ఒకానొక సమయంలో సముద్రపు అడుగు ఎలా ఉందన్న ఒక్క క్షణం మాత్రమే. ఆ క్షణానికి ముందేం జరిగింది, తరవాతేం జరిగింది అన్న వరస బండ మందంలో ఉంటుంది, ఆ మందం సిమెంటులో పూడిపోతుంది. అదే ముక్కను నిలువునా కోసి, తడిపి చూస్తే బూడిదరంగు పొరలు, వాటి మధ్య వెంట్రుకంత నల్ల గీతలు కనిపిస్తాయి. కొన్ని ముక్కల్లో తెల్లటి కాల్సైట్ నరాలు పొరలన్నింటినీ చీల్చుకుంటూ పోతాయి. రాయి గట్టిపడ్డాక పగిలి, ఆ పగుళ్లలో ఖనిజపు నీళ్లు ఊరి, తెల్లగా పేరుకున్న ఆనవాళ్లవి. సున్నపురాళ్లలో తరచు కనిపించే మరో గుర్తు రంపపు పళ్లలా వంకర్లు పోయే సన్నటి గీత. పైనున్న బరువుకు సున్నం కరిగిపోయి, కరగని బంకమన్ను మాత్రమే మిగిలిన చోటు అది. ఎంత రాయి కరిగి మాయమైందో ఆ పళ్ల ఎత్తును బట్టి భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక అంచనా వేస్తారు. నేల మీద పరిచిన బండలో ఈ వివరాలు దాదాపు కనబడవు.

సామాన్యమైన సున్నపురాయిని కోసి చూడటంలో ఏముందని పెదవి విరిచేవాళ్లకు ఇటలీలోని టస్కనీ సంగతి చెప్పాలి. అక్కడి కొండల్లో దొరికే ఒక రకం సున్నపురాయి బయటికి మట్టిరంగు గడ్డ. పగుళ్ల వెంట ఇనుము కలిసిన నీరు ఊరి, లోపల గోధుమరంగు చారలు పడ్డాయి. సరైన దిశలో కోస్తే అవి కూలిన కోటగోడల్లా, దూరపు నగరాల్లా కనిపిస్తాయి. పియెత్ర పయేసినా అనే ఆ రాతిని 16, 17 శతాబ్దాల్లో ఫ్లోరెన్స్ పనివాళ్లు పలకలు కోసి, మెరుగుపెట్టి, బొమ్మల్లా చట్రాల్లో బిగించారు. మెడిచీ ప్రభువులు 1588లో రాతిపనికే ప్రత్యేకంగా ఒక కర్మాగారం నెలకొల్పారు, అది రూపం మార్చుకుని నేటికీ ఉంది. గమనించాల్సింది ఏమంటే ఆ రాయి రత్నం కాదు, అరుదైందీ కాదు. మన నాపరాయి లాగే మెత్తనిది, చవకది. దానికి విలువ తెచ్చింది కోత దిశను ఎంచుకున్న కన్ను. బేతంచర్ల బండలో కోటగోడలు దాగున్నాయని నేను చెప్పడం లేదు. ఉన్నాయో లేవో చెప్పగలిగేంతగా మనం దాన్ని కోసి చూడలేదని మాత్రం చెబుతున్నాను.

నాపరాయి ఈ నేలలో ఒక్క అధ్యాయమే. పడమటి నుంచి వచ్చే పాత గ్రానైటు నేల డోన్ పరిసరాల్లో ముగిసి, అక్కడి నుంచి తూర్పుకు పొరల రాళ్లు మొదలవుతాయి. సుమారు 44 వేల చదరపు కిలోమీటర్ల మేర నెలవంక ఆకారంలో పరుచుకున్న ఈ రాతి పళ్లేన్ని కడప బేసిన్ అంటారు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలా సముదాయాల మీద వెలువరించిన పెద్ద నివేదికతో వీటి వరస స్థిరపడింది. ఆయన వాడిన ఊళ్ల పేర్లే ఇవాళ్టికీ ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో రాళ్ల పేర్లుగా నిలిచాయి. వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, బనగానపల్లె, నార్జి, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. మన పల్లెలు ఇంతమంది విదేశీ విద్యార్థుల నోళ్లలో ఎందుకు నానుతున్నాయో మన పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం వింతే. వీటిలో ఇంటి రంపానికి అన్నిటికంటే ఎక్కువ పని పెట్టేది వేంపల్లె పొరల్లోని డోలమైటు అనే సున్నపు జాతి రాయి. పులివెందుల దగ్గర ఈ పొరలకు పైనున్న రాళ్లలోకి చొరబడిన ఒక అగ్నిశిల వయసు సుమారు 188 కోట్ల ఏళ్లని కొలిచారు. కాబట్టి అడుగునున్న వేంపల్లె పొరలు అంతకంటే పాతవి. అప్పటికి చేపలు లేవు, చెట్లు లేవు, చివరికి నాచు కూడా మనకు తెలిసిన రూపంలో లేదు. లోతు తక్కువ ఉన్న సముద్రంలో సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు జిగురు చాపల్లా పరుచుకుని, తమ మీద పడిన సున్నపు రేణువులను పట్టి ఉంచి, వెలుతురు కోసం మళ్లీ పైకి పెరిగి, మళ్లీ పట్టి, పొర మీద పొరగా గుమ్మటాలు కట్టాయి. వాటినే స్ట్రొమటోలైట్లు అంటారు. మనం పీల్చే ఆక్సిజన్‌ను మొదట గాలిలోకి వదిలింది ఈ జాతి జీవులే.

స్ట్రొమటోలైటు బయటికి బుడిపెలున్న మామూలు బూడిద బండ. దాన్ని పొరకు సమాంతరంగా కోస్తే అడ్డంగా కోసిన ఉల్లిగడ్డలా వలయం లోపల వలయం కనిపిస్తుంది. అదే ముక్కను నిలువునా కోస్తే బోర్లించిన గిన్నెలు దొంతర పెట్టినట్టు గుమ్మటం మీద గుమ్మటం లేస్తుంది. ఎక్కడ పొర పలచబడిందో అక్కడ ఎదుగుదల మందగించింది, ఎక్కడ గుమ్మటం పక్కకు ఒరిగిందో అక్కడ నీటి ప్రవాహం ఒకవైపు నుంచి గట్టిగా తోసింది. ఒకే రాయి, రెండు కోతలు, రెండు వేర్వేరు సమాచారాలు. శాస్త్రజ్ఞుడు ప్రయోగశాలలో చేసే మొదటి పని ఇదే, ఆయన దగ్గరుండే పరికరమూ సూత్రంలో ఇంటి రంపమే. అందుకే ఈ వ్యాపకాన్ని కాలక్షేపమని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. కోత దిశ నిర్ణయించడానికి రాయిని చేతిలో తిప్పుతూ, తడిపి, ఆరబెట్టి, మళ్లీ తడిపి చూసే ఆ పది నిమిషాలు పాఠ్యపుస్తకంలో అవక్షేప శిలల పాఠం కంటే ఎక్కువ నేర్పుతాయి.

ఈ ప్రాంతంలో రాయిని కోరి పగలగొట్టి లోపలి నునుపు వెతికినవాళ్లు మనకంటే ముందే ఉన్నారు. బనగానపల్లె, బేతంచర్లల మధ్యనున్న జుర్రేరు లోయలో జ్వాలాపురం దగ్గర తవ్వకాల్లో సుమారు 35 వేల ఏళ్లనాటి సన్నటి రాతి పలుకులు దొరికాయి. సున్నపురాయి, చెర్ట్, చాల్సిడొనీ, పలుగురాయి వంటివాటిని ఎంచి, దెబ్బ ఎటు పడితే ఎటు చీలుతుందో తెలిసి చేసిన పని అది. చెర్ట్ అంటే మనం చెకుముకి రాయి అనే జాతిదే. వేంపల్లె డోలమైటు పొరల మధ్య బూడిదరంగులో, నల్లగా, కొన్నిచోట్ల ఎర్రగా అది పట్టీలు కడుతుంది. డోలమైటును చాకు గీస్తుంది, చెర్ట్‌ను గీయలేదు. మోస్ కాఠిన్యపు కొలమానంలో కాల్సైట్ 3, డోలమైటు మూడున్నర నుంచి 4, మామూలు చాకు ఉక్కు ఐదున్నర దరిదాపు, పలుగురాయి, చెర్ట్ 7. ఈ నాలుగంకెలు గుర్తుంటే కోతలో సగం కష్టాలు ముందే తెలుస్తాయి. మెత్తని డోలమైటులో గట్టి చెర్ట్ పట్టీ ఉన్న రాయిని నునుపు చేస్తే మెత్తనిది ముందే అరిగిపోయి పట్టీ గట్టులా లేచి నిలుస్తుంది. బనగానపల్లె పొర అడుగున ఉండే గులకరాళ్ల ముద్ద ఇంకా మొండిది. పలుగు, జాస్పర్, చెర్ట్ గులకలు ఇసుకరాతిలో అతుక్కుని ఉండే ఆ రాయి కోసిన ముఖం చాలా అందంగా ఉంటుంది, కోసేవాడి ఓపిక మాత్రం తినేస్తుంది. పూర్వం వజ్రాల కోసం తవ్వింది ఆ పొరనే.

వజ్రం మాట వచ్చింది కాబట్టి ఇక్కడే ఒక మాట చెప్పాలి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర ప్రాంతాల చేలల్లో వజ్రాల వేటకు జనం దిగుతారు. దూరపు జిల్లాల నుంచి వచ్చి గుడారాలు వేసుకునేవాళ్లూ ఉన్నారు. డోన్‌కు ఉత్తరాన వెల్దుర్తి దగ్గరి రామళ్లకోటలో పూర్వం వజ్రపు గనులు ఉండేవి. 17వ శతాబ్దపు ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే రాసిన రావుల్‌కొండ ఇదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఆ వేటను నేను ఎగతాళి చేయను. వానాకాలపు ఆశ అది, కరువు సీమలో ఆశకు ఉన్న విలువ తెలియనిది కాదు. కానీ వజ్రం వెతికే కన్ను ప్రతి రాయినీ ఒకే ప్రశ్న అడుగుతుంది, నువ్వు అదా, కాదా అని. కాదనగానే విసిరేస్తుంది. అలా విసిరేసిన రాళ్లలోనే జాస్పర్ ఉంది, చాల్సిడొనీ ఉంది. వందమందిలో తొంభైతొమ్మిది మంది ఒట్టి చేతులతో వెళ్లే చోట ఆ రాళ్లను గుర్తుపట్టగలవాడు ఒట్టి చేతులతో వెళ్లడు.

ఇంతకీ ఇంట్లో రాయి కోయడం ఎలా? రంపం అన్నాం గానీ దానికి పళ్లుండవు. లోహపు చక్రం అంచున సన్నటి పారిశ్రామిక వజ్రపు రేణువులు పొదిగి ఉంటాయి. అది రాయిని నరకదు, అరగదీస్తూ లోపలికి దిగుతుంది. అందుకే తొందరపడి నెట్టకూడదు. రాయి బరువును, చక్రం వేగాన్ని పని చేయనివ్వాలి. చక్రానికి అడుగున నీటి తొట్టి ఉంటుంది, నీరు చల్లబరుస్తుంది, పొడిని కడిగి తీసుకుపోతుంది. పెద్ద రాళ్లను పలకలు కోసే రంపాల్లో చాలాచోట్ల ఖనిజ నూనె వాడతారు. పీల్చే గుణమున్న సున్నపు జాతి రాళ్లకు నూనె మరక పడుతుంది కాబట్టి మన రాళ్లకు నీరే మంచిది. రాయిని చేత్తో పట్టుకోకుండా బిగింపులో కదలకుండా బిగించాలి. కోత మధ్యలో రాయి ఏమాత్రం ఒరిగినా చక్రం వంగిపోతుంది, ఆ చక్రం మళ్లీ సూటిగా కోయదు. పలక మందం ఐదారు మిల్లీమీటర్లు ఉంటే చాలు, అంతకన్నా పలచనైతే అరగదీసేటప్పుడు విరుగుతుంది. గట్టి చెర్ట్ కోసీ కోసీ చక్రం మొద్దుబారితే లోహం అరిగి కొత్త వజ్రపు రేణువులు బయటపడేలా ఒక మెత్తటి ఇటుకలో నాలుగైదు కోతలు కోస్తారు. ఈ చక్రం చెక్క రంపంలా వేలిని తెగనరకదుగానీ గాయం మాత్రం చేస్తుంది, కాబట్టి చొక్కా చేతులు, గాజులు, కొంగు, జుట్టు దూరంగా ఉండాల్సిందే.

రంపం కొనలేనివాళ్లకు దారి మూసుకుపోలేదు. అసలు మొదలుపెట్టేవాళ్లు కొనకపోవడమే మేలు. పాలిషింగ్ ఫ్యాక్టరీ వ్యర్థంలో మిషను కోసిన అంచులతో వేల ముక్కలు పడి ఉన్నాయి. ఆ కోసిన అంచే మనకు కావలసిన అడ్డకోత. యజమానిని అడిగి నాలుగు తెచ్చుకుని, పళ్లెంలో నీళ్లు పోసి, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే వాటర్ పేపర్‌ను గాజు పలక మీద పరిచి రుద్దాలి. 120తో మొదలుపెట్టి 220, 400, 800, 1500. అంకె పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ప్రతి దశలోనూ ముందు కాగితం వదిలిన గీతలు పూర్తిగా పోయేదాకా ముందుకు వెళ్లకూడదు, ఓపిక అంటే ఇక్కడే. 400 దగ్గర బూడిదరంగు ముదురుతుంది, 800 దాటాక తడి లేకుండానే పొరలు కనిపిస్తాయి. నాపరాయి మెత్తనిది కాబట్టి మోచేతి బలంతోనే ఇంత సాధ్యం. చెర్ట్, జాస్పర్‌లకు ఇది చాలదు. వాటికి సిలికాన్ కార్బైడ్ చక్రాలు లేదా వజ్రపు రేణువుల పట్టీలు, చివర తోలు లేదా ఫెల్టు మీద సీరియం ఆక్సైడ్ కావాలి. చిన్న ముక్కకు గుండ్రటి నునుపు పెట్టాలంటే దాన్ని ఒక పుల్ల చివర లక్కతో అతికించి పట్టుకుంటారు. మన సానపనివాళ్లు ఎప్పటినుంచో వాడే పద్ధతే అది. నాపరాతి మెరుపు పులుపుకు ఓర్వదని చింతపండు పులుసు ఒలికిన వంటింటి గట్టును తుడిచిన ప్రతివాళ్లకూ తెలుసు. అదే గుణం పరీక్షకు పనికొస్తుంది. నిమ్మరసం చుక్క వేస్తే సున్నపురాయి బుసబుసలాడుతుంది, డోలమైటు దాదాపు ఊరుకుంటుంది, చెర్ట్ అసలు కదలదు.

ఇప్పుడు అసలైన అభ్యంతరం. రాతిపొడి మనుషుల్ని చంపుతుంది. ఈ మాటను తేలిగ్గా తీసుకునే ఏ వ్యాసమూ నమ్మదగింది కాదు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో తరతరాలుగా అగేట్ రాయి సానపట్టి పూసలు చేసేవాళ్లలో సిలికోసిస్ ఎంత విస్తారంగా ఉందో వైద్య పరిశోధనలు నమోదు చేశాయి. పొడి చక్రం ముందు కూర్చుని రోజంతా రాయి అరగదీయడంతో ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, జబ్బుపడ్డవాళ్లలో సాన పట్టనివాళ్లు, ఆ ఇళ్ల పక్కన కాపురమున్నవాళ్లు కూడా ఉన్నారు. వంటింటి గట్లకు వాడే కృత్రిమ క్వార్ట్జ్ పలకలు కోసే యువ కార్మికులు ఇదే జబ్బు పాలవుతుంటే చూసి ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ పలకల్నే నిషేధించింది. అలాంటప్పుడు ఇంట్లో, పిల్లలున్న చోట ఈ పని ఎందుకని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్న. జవాబు రెండు భాగాలు. ప్రమాదం కంటికి కనిపించని సిలికా ధూళిలో ఉంది, ధూళి పొడికోతలో పుడుతుంది. పైగా చెర్ట్, పలుగు, క్వార్ట్జైట్ దాదాపు పూర్తిగా సిలికా, మంచి సున్నపురాయిలో అది తక్కువ. అందుకే మొదలుపెట్టేవాళ్లకు నేను నాపరాయిని, నీళ్ల పళ్లేన్ని చెప్పింది. నీళ్లలో రుద్దేటప్పుడు గాలిలోకి లేచేది దాదాపు ఏమీ ఉండదు. చక్రం తిరిగినప్పుడు మాత్రం నీటి తుంపరలోనూ ధూళి ఉంటుంది, అవి ఆరాక అదే మళ్లీ లేస్తుంది. కాబట్టి ఆరుబయట పని, ఎన్95 కంటే తక్కువ కాని మాస్కు, చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవడం, పని బట్టలు విడిగా ఉతకడం తప్పనిసరి. చేతి గ్రైండరుతో పొడిగా రాయి కోసే పద్ధతి మన ఊళ్లలో ఇళ్లు కట్టేచోట రోజూ కనిపిస్తుంది. దాన్ని చూసి నేర్చుకోవద్దు. పాపం ఆ పనివాడికి ఎవరూ మాస్కు ఇవ్వలేదు, అంతే. చేతి గ్రైండరుకు నీళ్లు కలిపితే కరెంటు ప్రమాదం తోడవుతుంది, కనుక నీటి తొట్టి ఉన్న బల్ల రంపం, 30 మిల్లీఆంపియర్ల దగ్గర తెగిపోయే లీకేజి బ్రేకరు ఉన్న లైను లేకుండా మొదలుపెట్టకూడదు.

ఈ నేలకే ప్రత్యేకమైన రెండు హెచ్చరికలు బయటి పుస్తకాల్లో దొరకవు. పులివెందుల వైపు వేంపల్లె డోలమైటును అగ్నిశిల తాకిన చోట ఆకుపచ్చటి సర్పెంటైన్ రాయి ఏర్పడింది. చూడగానే కోసి మెరుగుపెట్టాలనిపిస్తుంది. కానీ ఆ రాతిలోనే క్రిసోటైల్ ఆస్బెస్టాస్ నరాలున్నాయి, బ్రాహ్మణపల్లె ప్రాంతంలో దాన్ని గనుల్లో తవ్వారు కూడా. పట్టులా మెరిసే పీచు కనిపించిన ఆకుపచ్చ రాయిని తడిగా అయినా, పొడిగా అయినా ఇంట్లో కోయకూడదు. రెండోది తుమ్మలపల్లె. అక్కడి యురేనియం ఇదే వేంపల్లె పొరల్లో ఉంది, గని చుట్టుపక్కల డోలమైటును అలంకారానికి ఏరుకోవడం తెలివైన పని కాదు. ఈ రెండూ తెలిస్తే భయం పెరగదు, రాయి ఏ ఊరిదో తెలియకుండా కోయకూడదన్న క్రమశిక్షణ వస్తుంది.

నీళ్లు లేని సీమలో నీటి రంపమా అని ఎవరైనా అంటే ఆ లెక్క సులువు. తొట్టిలో నీరు తిరుగుతూనే ఉంటుంది. పని అయ్యాక రాత్రంతా కదలకుండా ఉంచితే పొడి అడుగుకు చేరుతుంది, పైనీరు మర్నాటికి పనికొస్తుంది. అడుగు బురదను మురుగు కాలవలో పోయకూడదు, గట్టిపడి దారి మూసేస్తుంది. ఎండబెట్టి సంచిలో కట్టి పారేయాలి. చప్పుడు మాత్రం నిజంగా ఇబ్బందే. పక్కింటివాళ్లకు మధ్యాహ్నపు నిద్ర ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

దీనివల్ల డబ్బేం వస్తుంది? ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది, ఎక్కువగా ఇంట్లోంచే వస్తుంది. కోసిన నాపరాతి పలకకు రత్నాల బజారులో ధర లేదు, ఉంటుందని ఆశపెట్టడం మోసం. అయితే రాతి దగ్గర నేర్పు పోగైన ఊరికి కాలం గడిచాక ఏమవుతుందో చరిత్రలో ఉదాహరణలున్నాయి. జర్మనీలోని ఈడార్-ఒబర్‌ష్టైన్ తన చుట్టూ దొరికిన అగేట్ కోసి బతికింది. 19వ శతాబ్దంలో ఆ రాయి అయిపోయింది. అక్కడివాళ్లు బ్రెజిల్ వెళ్లి అగేట్ పంపించారు, కోసే చేతులు మాత్రం ఊళ్లోనే ఉన్నాయి, ఇప్పటికీ ప్రపంచపు సానకేంద్రాల్లో ఆ ఊరు ఒకటి. రాయి అయిపోయినా నేర్పు మిగిలింది. మన దగ్గర పరిస్థితి తలకిందులు. రాయి గుట్టలుగా ఉంది, దాన్ని లోడు ఎత్తే చేతులున్నాయి, కోత దిశ ఎంచే కన్ను తయారు కాలేదు. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ ఇంటి వ్యాపకం ఎంత పెరిగిందంటే 1947లో దానికోసమే లాపిడరీ జర్నల్ అనే పత్రిక పుట్టింది. వాళ్లు రాయి కోసం ఎడారుల్లో మైళ్లు తిరిగేవాళ్లు. డోన్ కుర్రవాడికి అది బస్సు ఎక్కినంత దూరం. అయినా నేను లాభం మీద వాదన నిలబెట్టను. ఒక పనికి ధర లేదనగానే విలువ లేదనుకునే అలవాటే నాపరాయికి ఒక ముఖం మాత్రమే మిగిల్చింది.

ఎక్కడ పడితే అక్కడ రాయి ఏరుకోవచ్చా అంటే కూడదు. లీజు ఉన్న క్వారీలో రాయి లీజుదారుది, అడగాలి. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలోంచి అనుమతి లేకుండా రాయి తేవడం నేరం, నల్లమల అంచుల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. పాతరాతియుగపు పలుకులు దొరికే చోట్ల ఏదీ ముట్టుకోకూడదు, అక్కడ రాయి కంటే అది పడి ఉన్న చోటే ముఖ్యం. మంగంపేట ముగ్గురాయి పొరలను భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారకాల జాబితాలో చేర్చింది. వేంపల్లె స్ట్రొమటోలైట్లకు మన జిల్లాల్లో అలాంటి రక్షణ ఎక్కువ లేదు. రాజస్థాన్‌లో ఝామర్‌కోట్రా, భోజుండా స్ట్రొమటోలైట్లు ఆ జాబితాలో ఉన్నాయి. రంపాలు పట్టుకుని జనం కొండల మీద పడితే మిగిలినవీ పోతాయి కదా అనేది ఈ వ్యాపకం మీద వేయదగ్గ బలమైన ప్రశ్న. కొండ మీద నిలబడి ఉన్న గుమ్మటాన్ని పగలగొట్టేవాడు ఈ పనికి తగడు. కంకర మిల్లుకు, రోడ్డుకు, సిమెంటుకు రోజూ పోయే డోలమైటు లోడులో ఒక ముక్క పక్కకు తీసి కోసినవాడివల్ల నష్టం లేదు. పైగా ఏ కొండను కాపాడాలో మొదట గుర్తుపట్టేది ఇలా కోసి చూసినవాళ్లే, ఎందుకంటే బయటి నుంచి చూస్తే అది ఉట్టి బూడిద బండ.

కోసిన ప్రతి పలక వెనక రెండు సంగతులు చెరగని సిరాతో రాయాలి. రాయి ఏ ఊరి దగ్గరిది, ఏ ఫ్యాక్టరీ వ్యర్థంలోదైతే అది ఏ క్వారీ నుంచి వచ్చిన బండ అన్నది ఒకటి. పొరలో పైవైపు ఏదో చూపించే బాణం గుర్తు రెండోది. స్ట్రొమటోలైటు అయితే గుమ్మటం ఉబ్బిన వైపే పైవైపు కాబట్టి బాణం గీయడం కష్టం కాదు. నాపరాతి ముక్కలో అది తెలియకపోతే తెలియదనే రాయాలి, ఊహించి గీయకూడదు. ఈ రెండూ లేని పలక ఎంత మెరిసినా అందమైన రాయి మాత్రమే. ఉంటే డిగ్రీ కాలేజీ భూగర్భ శాస్త్రం లెక్చరరు కూడా చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు సర్దుకుంటాడు, ఇంకో ముక్క అదే బండలో నాలుగంగుళాలు పైనుంచి కోసి తెమ్మంటాడు.